జాడీలో సముద్రం

ఎల్లయ్య సముద్రాన్ని ఏనాడూ చూడలేదు. సముద్రం కోసమే చచ్చిపోయాడు.

పురానాపూల్ దగ్గర, వెనక గోడ మూసీ వైపు ఉన్న నవాబుల నాటి ఒక పాత దేవిడీలో సముద్ర వనరుల పరిశోధన సంస్థ ఉండేది. హైదరాబాదు నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో పోవాలని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కానీ పెద్ద ఆఫీసర్ల పిల్లల స్కూళ్లు హైదరాబాదులో ఉన్నాయి. పిల్లల్ని సముద్రం దగ్గరికి తీసుకుపోవడం కన్నా సముద్రాన్నే పిల్లల దగ్గరికి తెప్పించుకోవడం తేలికని పైవాళ్లు తేల్చారు. అందుకని బంగాళాఖాతం డ్రమ్ముల్లోకెక్కి, లారీలెక్కి, మచిలీపట్నం నుంచి పురానాపూల్‌కి వచ్చేది. ఆ డ్రమ్ములకు కాపలా ఎల్లయ్య.

1998 ఆగస్టు. బుధవారం పొద్దున ఏసీ మెకానిక్కుల వేషంలో ఇద్దరు వచ్చారు.

"గేట్ పాస్ ఏది?" అన్నాడు ఎల్లయ్య.

"పైన సార్ రమ్మన్నాడు."

"సార్ రమ్మంటే సారే కిందికొచ్చి తోల్కపోతడు. పాస్ లేంది పోనియ్య."

టూల్ బాక్సులోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ బయటికొచ్చింది. మొదటి గుండు ఎల్లయ్య ఛాతీలో దిగింది. అయినా అతను ల్యాబ్ గుమ్మానికి అడ్డంగా పడి, కాల్చినవాడి కాలు రెండు చేతులా పట్టుకుని, గల్లీ అంతా వినపడేటట్టు అరిచాడు. ఆ పెనుగులాటలో పేలిన గుండ్లు లోపలి గాజు ట్యాంకులకు తగిలాయి. జనం మూగేసరికి ఇద్దరూ ఒట్టి చేతులతో గోడ దూకి మూసీ వైపు పరుగెత్తారు.

పోలీసులొచ్చి గదికి సీలు వేశారు. ట్యాంకుల్లో నీళ్లు కారిపోతున్నాయి, కాస్త లోపలికి పోనివ్వండని సైంటిస్టు డాక్టర్ సుచరిత ఇన్‌స్పెక్టర్ చేతులు పట్టుకుంది. పంచనామా కానిదే పుల్ల కదలనివ్వనన్నాడాయన. పంచనామా సాయంత్రానికి పూర్తయింది. అప్పటికి ట్యాంకుల అడుగున ఎండిన నాచు తప్ప ఏమీ మిగల్లేదు.

అఫ్జల్‌గంజ్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. దాని పై అంతస్తులోనే గూఢచారి డిపార్ట్‌మెంట్ రహస్య కార్యాలయం. కింద టైపు మిషన్ల చప్పుడుకు పైన ఎవరేం మాట్లాడుకున్నా వినపడదు. గురువారం మధ్యాహ్నం ఏజెంట్ కె-సెవెన్ మెట్లెక్కి తలుపు తట్టాడు. అసలు పేరు ఫణికుమార్. తండ్రి కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి పాతబస్తీలో స్థిరపడితే, మొఘల్‌పురా గల్లీల్లో పుట్టి పెరిగాడు. ఇంట్లో కోస్తా తెలుగు, వీధిలో దక్కనీ. గూఢచారికి ఇంతకన్నా మంచి ట్రైనింగ్ ఏ అకాడమీలోనూ దొరకదు.

చీఫ్ వీరరాఘవరావుకు బీపీ పెరుగుతోంది, రిటైర్మెంట్ దగ్గర పడుతోంది. రెంటినీ ఒకే మాత్రతో అణచుకుంటున్నాడు.

"కూర్చోవయ్యా. నాచంటే ఏవిటో తెలుసా?"

"మెట్ల మీద కాలు జారేది సార్."

"అది మన నాచు. సముద్రంలో అయితే అది బంగారం. ఐస్‌క్రీమ్‌లో, టూత్‌పేస్టులో, మందుల్లో అదే. రంజాన్‌లో నువ్వు లొట్టలేసుకుంటూ తినే చైనాగ్రాస్ కూడా అదే. ప్రపంచంలో రీసెర్చ్ అంతా ఇప్పుడు అటే పోతోంది. సముద్రాన్ని గోకి గోకి ఖాళీ చేసేశారు, ఇప్పుడు అందులో సాగు చెయ్యాలిట. సస్టైనబుల్ ఓషన్ డెవలప్‌మెంట్."

"అంటే?"

"ఈ యేడు తిన్నది వచ్చే యేడుకూ మిగిలుండటం. మా అమ్మ ఆవకాయ జాడీ విషయంలో పాటించే రూలే. ఇప్పుడు దానికి పీహెచ్‌డీలు ఇస్తున్నారు."

గది మూలన కుర్చీలో ఉన్న సుచరిత ఈ హాస్యానికి నవ్వలేదు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి. ఒళ్లో మూతపెట్టిన గాజు జాడీ. అందులో ముదురెరుపు రంగు నాచు గుత్తి ఒకటి నీళ్లలో మెల్లగా కదులుతోంది.

"ఇదొక్కటే మిగిలిందండీ. నా గదిలో బల్ల మీద ఉండబట్టి" అంది. "మామూలు నాచు వేసవిలో సముద్రం కాగితే తెల్లబడి రాలిపోతుంది. ఇది రాలదు. పన్నెండేళ్లు పట్టింది దీన్ని తయారు చెయ్యడానికి. భీమిలి పక్కన లీలమ్మ అని ఒకావిడ, ఆవిడ గుంపూ వెదురు తెప్పలు కట్టుకుని కూర్చున్నారు. ట్రాలర్లు సముద్రం అడుగు ఊడ్చేశాక వాళ్ల మగాళ్ల వలల్లో చేప పడటం లేదు. విత్తనం ఎప్పుడు పంపిస్తావమ్మా అని వారం వారం ఫోను. తుఫానులో మా తెప్పలు కొట్టుకుపోకపోతే ఈ పాటికి పంపేసేదాన్ని."

"ఇంకోచోట కొంచెం దాచి ఉంచాల్సింది కదా మేడమ్?" అన్నాడు ఫణి.

"కోస్తాలో రెండో ల్యాబ్ పెట్టమని ఫైలు పంపించాను. అదెక్కడుందో మీ గూఢచారులకైనా దొరుకుతుందేమో చూడండి."

వీరరాఘవరావు దగ్గాడు. "శనివారం ప్రత్యేక విమానంలో ఇది జాతీయ విత్తన భాండాగారానికి పోతుంది. అక్కడ జమ అయితేనే మన పేరు మీద పేటెంట్. ఈలోగా హాల్‌మెర్ కార్పొరేషన్ అనే విదేశీ కంపెనీ చేతిలో పడితే వాళ్ల పేరు మీద. మన పసుపు మీద అమెరికాలో పేటెంట్ పట్టిన కథ పేపర్లో చదివావుగా? మన సముద్రంలో మన ఆడవాళ్లు నాచు పెంచి, ఎక్కడో ఉన్న తెల్లదొరకు కప్పం కట్టాలి. ఎల్లయ్యను చంపింది ఆ కంపెనీ ముఠాయే. సంస్థలో వాళ్ల మనిషి ఉన్నాడు. మన ఆఫీసులో లేడని నేను ప్రమాణం చెయ్యలేను. శనివారం పొద్దుటిదాకా ఇది నీ దగ్గర. ఎక్కడ దాస్తావో నాకు కూడా చెప్పకు."

సుచరిత జాడీని చంటిపిల్లను ఇచ్చినట్టు రెండు చేతులా అందించింది. "చల్లగా ఉండాలండీ. మూత అప్పుడప్పుడు తీసి గాలి తగలనివ్వండి. అంతకుమించి ఏమీ చెయ్యొద్దు. ఏమీ చెయ్యకపోవడమే దానికి మీరు చేసే సేవ."

గవర్నమెంటు ఉద్యోగికి ఇంతకంటే తేలికైన పని ఎవరూ చెప్పి ఉండరు.

మొఘల్‌పురాలో ఫణి అద్దెకుంటున్న ఇల్లు రమాబాయిది. ఆమె భర్త పేరు శ్రీపాద, గుడిలో అర్చకుడు. నిజాముల కాలం నుంచీ ఆ ఇంటి మడి ఆచారం చెక్కు చెదరలేదు. ఇరుగుపొరుగు ముస్లిం ఆడవాళ్లు కూడా రమాబాయి మడిలో ఉన్నప్పుడు పది అడుగుల దూరం నుంచే పలకరిస్తారు. ఆ ఇంటి దేవుడి గదిలోకి హాల్‌మెర్ ముఠా కాదు కదా, ఇంటి యజమానే స్నానం చేయకుండా అడుగు పెట్టలేడు. ఇనప్పెట్టె కంటే అదే భద్రం అనుకున్నాడు ఫణి. బావి పక్క గది, రాతి గోడలు. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది.

లోకం దృష్టిలో అతను నీళ్ల ఆఫీసులో గుమాస్తా. గుమ్మం ఎక్కగానే రమాబాయి అందుకుంది.

"ఏంది ఫణీ, ఇయ్యాల గూడ నల్లా రాలే. నీళ్ల ఆఫీసుల పనిజేస్తవ్, మా గల్లీకే నీళ్లు లేవ్. ఆ బాయి లేకుంటే మా గతేంగావాలె?"

"రేపు చెప్తానమ్మా. ఒక సాయం చేయాలి." జాడీ చూపించాడు. "రామేశ్వరం నుంచి తెచ్చిన సముద్రపు పత్రి. మా ఆఫీసరు గారింట్లో శనివారం హోమం. అందాకా మీ దేవుడి గదిలో ఉంచుతారా? మైలపడకూడదట."

దేశం కోసం అబద్ధం చెప్పడం అతనికి కొత్త కాదు. నోటికొచ్చిన అబద్ధాల్లో ఇదే బాగా అతికిందని లోపల మురిసిపోయాడు కూడా.

రమాబాయి మొహం వెలిగిపోయింది. "అయ్యో, గదేం భాగ్యం బిడ్డా! రేపు శ్రావణ శుక్రవారం గూడనాయె. ఆడ గడప మీద పెట్టి పక్కకు జరుగు. ప్యాంటు మీదున్నవ్, లోపటికి రాకు. మడి గట్టుకొని నేనే పెడత. నీకేం ఫికర్ వద్దు, నా ప్రాణం లెక్క జూసుకుంట."

ఆ మాట ఆమె నిజంగానే అంది, నిజంగానే నిలబెట్టుకుంది. అదే వచ్చిన చిక్కు.

శుక్రవారం పొద్దున మదీనా చౌరస్తాలో ఒక ఇరానీ హోటల్. ఫ్యామిలీ రూములో పరదా వెనక కూర్చున్న స్త్రీ దగ్గరికి వెళ్లి ఫణి అన్నాడు: "ఉస్మానియా బిస్కెట్ మెత్తబడింది."

"మూసీ గాలి తగిలింది" అని జవాబిచ్చింది రాగసుధ.

డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఆమె పేరు మంజీర. టీవీలో సముద్ర పర్యావరణం మీద ప్రోగ్రామ్ చేస్తుంది. హాల్‌మెర్ కంపెనీ ఫైవ్‌స్టార్ హోటళ్లలో పెట్టే సెమినార్లలో స్టేజీ మీద మైకు ఆమెదే. వాళ్ల రహస్యాలు మనకు మోస్తుందని వీరరాఘవరావు నమ్మకం. ఆమె నవ్వితే పక్క బల్ల దగ్గర చాయ్ సాసర్లో ఒలికిపోతుంది. మోసేవాళ్లు రెండు వైపులా మోస్తారేమోనన్న అనుమానం అంతటి నవ్వు ముందు నిలవదు.

"కొనుగోలుదారు మనిషి కార్వాన్‌లో గోడౌన్‌లో దిగాడు" అంది. "జాడీ నేనే తెచ్చిస్తానని చెప్పాను. నకిలీది ఇవ్వు. వెనకాలే వచ్చి ముఠా మొత్తాన్ని పట్టుకో."

ఫణి సంచిలోంచి అచ్చం అలాంటిదే ఇంకో జాడీ తీశాడు. అందులో ఉన్నది రంగు వేసిన కొత్తిమీర కట్ట. మూత కింద ట్రాన్స్‌మిటర్. దాని సిగ్నల్ పట్టే రిసీవర్ పాకెట్ రేడియోలా ఉంటుంది. అందరికంటే తక్కువ టెండర్ వేసినవాడి దగ్గర కొన్న సరుకు కాబట్టి మధ్య మధ్యలో సినిమా పాటలు కూడా వస్తాయి.

"ఏంటలా పీక్కుపోయావ్? టిఫినైనా తిన్నావా?"

"ఎక్కడ? ఇవాళ పేరంటం. తెల్లారకముందే రమాబాయమ్మ మడి కట్టుకుంది. దేవుడి గది వైపు చూసినా ఊరుకోదు."

"నీకెందుకోయ్ దేవుడి గది?"

ఫణి నాలిక కరుచుకున్నాడు. రాగసుధ బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ మాట మార్చింది. అదే మేలనుకున్నాడు అతను. నవ్వే మనిషి వింటున్నట్టు కనపడదు.

మధ్యాహ్నానికి భిక్షపతి ఆటోలో కార్వాన్ సందులన్నీ తిరుగుతున్నాడు ఫణి. భిక్షపతి డిపార్ట్‌మెంట్‌కు పాత డ్రైవర్. రిసీవర్ బీప్ బీప్‌మంటోంది. సిగ్నల్ ఒకచోట నిలవదు. కుడికి పోతుంది, ఆగుతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ గోడ వారగా పోతుంది.

"మస్తు హుషారున్నడన్నా వీడు" అన్నాడు భిక్షపతి. "తాగిండా ఏంది? గిట్ల తిరుగుతుండు?"

సందు మలుపులో సిగ్నల్ చెవులు చిల్లులు పడేలా మోగింది. ఫణి పిస్టల్ తీసి గోడ పక్కనుంచి ఒక్క ఉదుటున ముందుకు దూకాడు. ఎదురుగా నల్ల మేక ఒకటి సినిమా పోస్టర్ నములుతోంది. మెడలో ఎర్ర దారం, దారానికి ట్రాన్స్‌మిటర్.

భిక్షపతి నవ్వబోయి ఫణి మొహం చూసి ఆగిపోయాడు.

పొద్దుటి మాట ఫణికి అప్పుడు గుర్తొచ్చింది. దేవుడి గది. తన నోటితోనే దారి చెప్పి, ముహూర్తం కూడా పెట్టాడు. "మొఘల్‌పురా! తొందరగా!"

ఇంట్లో పేరంటం సందడి. రమాబాయి తాంబూలాల పళ్లెంతో ఎదురొచ్చింది.

"అమ్మా, ఎవరైనా వచ్చారా?"

"ఇప్పుడే పాయె బిడ్డా, నువ్వు పంపినవంట గదా! పట్టుచీర, నెత్తిల మల్లెపూలు, మా లక్ష్మమ్మనే నడిచొచ్చినట్టున్నది. పసుపు కొమ్ము అరగదీసి కాళ్లకు దండిగ రాసిన. శుక్రవారం ముత్తైదువను ఉత్తచేతుల్తోని పంపుతమా? నీ పత్రి జాడీ అడిగింది, ఒడిల పెట్టి ఇచ్చిన. ఇంకో మాట ఫణీ, ఆ జాడీల..."

"తర్వాత అమ్మా!" అప్పటికే అతను మెట్లు దిగేశాడు.

బతికి ఉన్న నాచును ఎవరూ దాచి ఉంచలేరు. ఇవాళే దేశం దాటించాలి. మధ్యాహ్నం బేగంపేట నుంచి విదేశాలకు పోయే విమానం దుబాయ్‌ది ఒక్కటే. భిక్షపతి ఆటోను అఫ్జల్‌గంజ్ రద్దీలోంచి, లక్డీకాపూల్ మీంచి ఎట్లా తెచ్చాడో అతనికే తెలియదు. ఎవడో తిట్టినా ఆగలేదు, ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ వేసినా వినలేదు.

డిపార్చర్ హాలు కిటకిటలాడుతోంది. గల్ఫ్ పోతున్న కుటుంబాలు, ఏడుస్తున్న తల్లులు, తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు. బోర్డింగ్ ఆఖరి పిలుపు వినిపిస్తోంది. పట్టుచీర కట్టిన మనిషి ఎక్కడా లేదు. క్యూలో నల్ల బుర్ఖాలు వరసగా గేటు వైపు కదులుతున్నాయి. కనపడేవి కళ్లే. ఆ కళ్లలో దేన్ని నమ్మాలి? అందరి నఖాబులూ తీయించమంటే క్షణంలో ఎయిర్‌పోర్టులో లొల్లి, రేపటికి ఊళ్లో కర్ఫ్యూ.

ఏం చేయాలో తోచక ఫణి తల వంచుకున్నాడు. అప్పుడు కనపడ్డాయి కాళ్లు.

గేటుకు రెండడుగుల దూరంలో ఒక నల్ల బుర్ఖా. దాని కింద ఖరీదైన సాండల్స్. వాటిలో మడమల దాకా పచ్చగా పసుపు పూసిన పాదాలు. చీర మార్చింది, పూలు తీసేసింది, పేరు మార్చింది, పాస్‌పోర్టు మార్చింది. రమాబాయి అరగదీసిన పసుపును మాత్రం టాక్సీలో తుడుచుకోలేకపోయింది.

"పేరంటం బాగా జరిగిందా, రాగసుధా?"

ఆమె గిరుక్కున తిరిగింది. ఒక చేతిలో లిప్‌స్టిక్ గొట్టం, దాని మొనలో సన్నటి తుపాకీ రంధ్రం. ఇంకో చేతిలో జాడీ.

"ఎందుకింత ఆవేశం, కె-సెవెన్?" అంది నఖాబు వెనకనుంచి. గొంతులో ఇంకా నవ్వే. "మీవాళ్లు దీన్ని ఏం చేస్తారు? బీరువాలో పెట్టి తాళం పోగొడతారు. అక్కడైతే కనీసం బతుకుతుంది."

"ఎల్లయ్య కూడా బతికేవాడు."

"ఎవరా ఎల్లయ్య?"

నిజంగానే ఆమెకు తెలియదు. ఫణికి ఒళ్లు మండిపోయింది. అడుగు ముందుకు వేశాడు.

"ఇంకో అడుగు వేశావంటే వదిలేస్తాను. నాకు దక్కనిది మీకూ వద్దు."

వదిలేసింది. లిప్‌స్టిక్ పేలింది. గుండు అతని భుజాన్ని చీల్చుకుంటూ పోయింది. ఫణి నేల మీద పొడుగ్గా పడి రెండు అరచేతులూ చాచాడు. జాడీ గచ్చుకు బెత్తెడు ఎత్తులో ఆ చేతుల్లో వాలింది. మూత కదల్లేదు. చుక్క ఒలకలేదు. సెక్యూరిటీవాళ్లు రాగసుధ రెక్కలు విరిచి పట్టుకున్నారు. హాల్లో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇలాంటి క్షణం కోసమే ఎదురుచూశాడు ఫణి. భుజం నుంచి రక్తం కారుతున్నా నవ్వాడు.

సెక్యూరిటీ గదిలో వీరరాఘవరావు అతని వీపు తట్టాడు. "శభాష్! మెడల్ ఖాయం." వెనకే సుచరిత పరుగెత్తుకుంటూ వచ్చింది. జాడీని గుండెకు హత్తుకుంది. కళ్లు తుడుచుకుని మూత తీసింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

సముద్రపు కంపు రాలేదు. పచ్చకర్పూరం వాసన వచ్చింది. నాచు గుత్తి చుట్టూ నీళ్లు లేత గులాబీ రంగుకు తిరుగుతున్నాయి. పైన రెండు తులసి దళాలు తేలుతున్నాయి. ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఇవి ఏం నీళ్లండీ?"

ఇంకోసారి వేలు ముంచి చూసింది.

"ఉప్పు లేదు. మంచినీళ్లు." గొంతు పెద్దది చెయ్యలేదు. "మంచినీళ్లలో ఇది బతకదండీ. రంగు దిగిపోతోంది, చూడండి. ఎప్పటినుంచి ఉంది ఇందులో?"

ఫణికి అప్పుడు తెలిసింది, రమాబాయి చెప్పబోయిన ఇంకో మాట ఏమిటో. అతను వినకుండా పరుగెత్తాడు. విన్నా అప్పటికే ఆలస్యమైపోయింది.

సుచరిత ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని ఫణికి చాలా రోజులు అనిపించింది. ఆమె మూత మళ్లీ జాగ్రత్తగా బిగించి, జాడీని బల్ల మీద పెట్టి, "లీలమ్మకి నేనే ఫోన్ చేస్తాను" అంది. అంతే.

భుజానికి కట్టు కట్టించుకుని అతను ఇంటికి చేరేసరికి రమాబాయి వాకిట్లోనే కూర్చుని ఉంది. కట్టు చూసి గాభరా పడింది. జారి పడ్డానని చెప్పాడు.

"ఇందాక చెప్పబోతే ఉరికితివి. నీ పత్రి జాడీల నీళ్లు నీసు వాసనొచ్చినయ్ బిడ్డా. నిన్నటి నీళ్లాయె. దేవునర్రల నిలవనీళ్లు ఉంటయా? పొద్దుగాల మడి మీదనే బాయిల తోడిన, పత్రిని మూడుసార్లు కడిగిన, కొత్త నీళ్లు వోసి తులసి, పచ్చకర్పూరం ఏసిన. మీ ఆఫీసరు సంతోషపడ్డడా?"

ఫణికి తన తల్లి గుర్తొచ్చింది. ఆమె కూడా రోజూ తెల్లవారుజామునే దేవుడి చెంబులో నిన్నటి నీళ్లు మొక్కకు పోసి కొత్త నీళ్లు నింపేది. ఈ గల్లీలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి అది. విదేశీ ముఠా పన్నాగాలన్నీ చదివిన ఏజెంటుకు తన ఇంటి మడి గుర్తు రాలేదు. పత్రి అని అబద్ధం చెప్పింది తనే. పత్రికి చేయాల్సిన మర్యాద ఆమె చేసింది.

"పడ్డాడమ్మా" అన్నాడు. "మీకు నమస్కారం చెప్పమన్నాడు."

మెట్లెక్కి తన గదిలోకి పోయి తలుపేసుకుని చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. తన మీద తెచ్చుకున్న కోపం మాత్రం చాలాకాలం పోలేదు.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ సంతోషించారు. శత్రువు చేతికి విత్తనం చిక్కలేదు కాబట్టి మిషన్ విజయవంతం. మంచినీళ్ల సంగతి రిపోర్టులో "ముందు జాగ్రత్తగా నిర్వీర్యం చేయడమైనది" అని మారింది. ఆ వాక్యం వీరరాఘవరావు చెప్పాడు, ఫణి రాశాడు. చీఫ్‌కు మెడల్ వచ్చింది, సర్వీసు పొడిగింపూ వచ్చింది. పరిశోధించడానికి పదార్థం లేదన్న కారణంగా సుచరిత ప్రాజెక్టును మూసేశారు. రాగసుధ కేసులో సాక్షులు ఒక్కొక్కరే ఊరెళ్లారు. మరుసటి యేడు పేపర్లో ఆమె ఫోటో పడింది. సుస్థిర సముద్రాభివృద్ధి మీద సదస్సు, మైకు ముందు అదే నవ్వు. పక్కనే హాల్‌మెర్ ప్రతినిధికి మంత్రిగారు శాలువా కప్పుతున్నారు. ఒప్పందం ప్రకారం హాల్‌మెర్ తన మామూలు నాచు విత్తనాన్ని కోస్తాలో అమ్ముతుంది. వేసవి రాగానే అది తెల్లబడి రాలిపోతుంది. లీలమ్మ వాళ్లు మళ్లీ కొనుక్కుంటారు. ఈ యేడు అమ్మినది వచ్చే యేడూ అమ్మగలగడం కూడా ఒక రకం సస్టైనబిలిటీయే.

2000 జనవరిలో ఫణికి బేగంపేట ఎయిర్‌పోర్టులో డ్యూటీ వేశారు. దేశానికి సంబంధించిన శాస్త్ర రహస్యాలు బయటికి పోకుండా, వెళ్లే సైంటిస్టుల సామాను తనిఖీ చెయ్యడం పని. ఒకరోజు క్యూలో సుచరిత కనపడింది. జుట్టు చాలా నెరిసింది.

"మీరా" అంది. "పెట్టె తెరవమంటారా?"

"రూలు మేడమ్."

బట్టలు, నాలుగు పుస్తకాలు, ఒక కళ్లజోడు. జాడీ లేదు, సీసా లేదు, కాయితం ముక్క లేదు. ఉద్యోగమెక్కడని అడిగాడు. హాల్‌మెర్ పేరు చెప్పింది. ఆ పేరు చెప్పేటప్పుడు తల దించుకోలేదు.

"మళ్లీ చేయగలరా ఆ నాచు?" ఫణి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎందుకు చెయ్యలేను? చేసింది నేనే కదండీ. ఈసారి పన్నెండేళ్లు పట్టదు." పెట్టె మూత వేస్తూ అంది: "ఇక్కడే చేస్తానని ఏడాది పైన తిరిగాను. చెయ్యమని ఒక్కరూ అనలేదు. వాళ్లు అన్నారు." తాళం వేసి, "ఎల్లయ్య భార్యకి పెన్షన్ వచ్చిందా?" అని అడిగింది.

"ఫైలు కదులుతోంది మేడమ్."

సుచరిత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఫణి తనిఖీ చీటీ మీదకు వంగాడు. "అభ్యంతరకరమైనవి ఏవీ లేవు" అని రాసి సంతకం పెట్టాడు. దొంగిలించిన రహస్యాన్ని విమానం మెట్ల దగ్గర కూడా ఆపవచ్చు. టికెట్ కొనుక్కుని, వీసా వేయించుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయే రహస్యాన్ని ఆపడానికి ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు. పైగా ఆమె పెట్టె బరువుగా ఉందని, నొప్పి పూర్తిగా తగ్గని భుజంతో తనే ఎత్తి బెల్టు మీద పెట్టాడు.